ఆమెకు రాని పిలుపు

“ఆ చొక్కా నేను ఇస్త్రీ చెయ్యనని నిన్ననే చెప్పాను,” అంది బీలెంగ్, గంజి గిన్నె అత్తగారి ముందు పెడుతూ.

“నిన్ను చెయ్యమని ఎవరన్నారు? ఇస్త్రీ పెట్టె ఎక్కడుందని అడిగాను, అంతే,” అన్నాడు బూన్‌టెక్.

“పెళ్లయిన దగ్గర్నుంచీ అది ఉన్నచోటే ఉంది. ఇంట్లో ఏది ఎక్కడుందో తెలియదు గానీ, దేశంలో ఏ లోపం ఎక్కడుందో మాత్రం కళ్లు మూసుకుని చెప్పేస్తావు.”

అతను నవ్వాడు. ఆ నవ్వే ఆమెకు గిట్టడం లేదు. బుధవారం సాయంత్రం పార్టీ పెద్దల దగ్గర టీ తాగి వచ్చినప్పటి నుంచి అది అతని ముఖాన్ని వదలలేదు. అద్దె ఇంట్లో దిగిన కొత్త కాపురంలా అక్కడే సర్దుకుని కూర్చుంది.

పాలక పక్షం ఎవరినైనా టీకి పిలిచిందంటే అది దాహం తీర్చడానికి కాదని సింగపూర్‌లో అందరికీ తెలుసు. వచ్చే ఎన్నికల్లో ఎవరిని నిలబెట్టాలో తేల్చుకోవడానికి మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చూసే పద్ధతి అది. ఆ పిలుపు కోసం, ఆ పార్టీలో కార్యకర్తగా పనిచేస్తూ, బీలెంగ్ పద్నాలుగేళ్లుగా, పైకి ఎన్నడూ అనకుండా, ఎదురుచూసింది. పిలుపు ఆమె ఇంటికే వచ్చింది. ఆమెకు మాత్రం రాలేదు.

పత్రికల్లో ఆ పార్టీని ఏళ్ల తరబడి ఉతికి ఆరేస్తున్న ఆమె భర్తకు వచ్చింది.

“వాళ్లు నిజంగా విన్నారు బీలెంగ్,” అన్నాడు బూన్‌టెక్, ఆ మాట నాలుగు రోజుల్లో ఎన్నోసారి అంటున్నాడో తనకే తెలియకుండా. “నేను రాసినవన్నీ చదివి వచ్చారు. ఎక్కడ తప్పు చేశామో మొహమాటం లేకుండా చెప్పండి అన్నారు. మధ్యలో ఒక్కరు అడ్డు రాలేదు.”

“చెప్పావా?”

“చెప్పాను.”

“మార్కెట్ సంగతి?”

“అదీ వచ్చింది.”

“వచ్చిందా, నువ్వు తెచ్చావా?”

బూన్‌టెక్ చొక్కాను భుజం మీద వేసుకుని, వంటింటి అల్మరా తలుపులు ఒక్కొక్కటే తెరిచి చూడసాగాడు.

ముసలావిడ గంజిలో ఉప్పు ముల్లంగి ముక్కలు కలుపుకుంటూ కొడుకు వంకా కోడలి వంకా మార్చి మార్చి చూసింది. “టీ బాగుందట్రా అనడిగితే రెండు గంటలు చెప్పాడు, టీ గురించి తప్ప,” అంది. “ఏమిటే ఈ గోల? పోయిన నెలదాకా వాడు వాళ్లని తిట్టేవాడు, నువ్వు వెనకేసుకొచ్చేదానివి. ఇప్పుడు వాడు వెనకేసుకొస్తున్నాడు, నువ్వు తిడుతున్నావు. నేనెవరి పక్కన కూర్చుని తినాలో ముందే చెప్పండి.”

“నేనేం తిట్టడం లేదు అత్తయ్యా.”

“తిట్టడం లేదూ, మొన్న ఆ గిన్నెలు తోమిన తోముడికి నా చెవులు ఇంకా మోగుతున్నాయి.”

“వాళ్లు నిన్ను పిలిచింది వినడానికి కాదు,” అంది బీలెంగ్ భర్తతో, గొంతు తగ్గించి. “బయట నిలబడి అరిచేవాణ్ణి లోపలికి పిలిచి కూర్చోబెడితే అరుపు ఆగుతుందని.”

“ఇది నా మాట కదూ? నేను అన్నప్పుడల్లా నువ్వేమనేదానివి? ‘వాళ్లు వింటారు, నీకు తెలియదు’ అనేదానివి. ఇప్పుడు నాకు తెలిసింది. మన తప్పు మన ఇంట్లో మనిషే చెబితే మంచిదన్నారు. కాదనే గొంతు ఒకటి లోపల ఉండాలన్నారు. ఆ మాటల్లో నాకు కపటం కనబడలేదు.”

“నా గొంతు ఇన్నేళ్లూ లోపలే ఉంది. ఎవరైనా అడిగారా?”

ఆ మాట అనకుండా ఉండవలసిందని, అన్న తరవాత తోచింది ఆమెకు. అసూయ అనే మాటను బీలెంగ్ ఎన్నడూ తన విషయంలో వాడుకున్న మనిషి కాదు. అది ఇతరులకు ఉండే జబ్బు. సోమవారం సాయంత్రాలు ఎంపీ కార్యాలయంలో తన బల్ల ముందు కూర్చుని, పక్కింటివాళ్లకు ఇల్లు దొరికింది మాకెందుకు దొరకలేదని అర్జీ రాయించుకునేవాళ్లది. వాళ్ల మాటలను ఓపికగా విని, ఎంపీ సంతకానికి తగిన మర్యాదలోకి మార్చి రాయడం ఆమె పని. ఇప్పుడు తన మాటను అలా మార్చి రాసేవాళ్లు ఎవరూ లేరు.

“నీ మీద నాకేం కోపం లేదు,” అన్నాడు బూన్‌టెక్, పెద్దమనిషి తరహాలో.

“నీకెందుకుంటుంది? నీ వ్యాసాల్లో ఆ చేపలమ్మే ఆవిడ, లిఫ్టు ఆగని అంతస్తులో ఉండే చక్రాల కుర్చీ పెద్దాయన, కాంట్రాక్టు అయిపోయిన బస్సు డ్రైవరు, వీళ్లంతా నీకు ఎక్కడ కనబడ్డారు? కాలేజీలో కాంక్రీటు పాఠాలు చెబుతుంటే వచ్చి కనబడ్డారా? నా బల్ల ముందు కూర్చున్నారు వాళ్లు. పేర్లు చెప్పకుండా, మనసాగక, ఈ భోజనాల బల్ల దగ్గర నేను చెప్పుకుంటే నువ్వు రాశావు.”

“నిజమే. కాదనలేదు. కానీ రాసే ధైర్యం నాది కదా.”

ముసలావిడ చెంచా గిన్నెలో పెట్టేసింది.

“నువ్వు ఇన్నేళ్లలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, వాళ్ల ముందు ఇది తప్పు అని అన్నావా?” అన్నాడు బూన్‌టెక్.

“అనలేదు.” బీలెంగ్ గొంతు మెల్లగా వచ్చింది. “అనకపోవడమే వాళ్లకు కావాలనుకున్నాను.”

ఇస్త్రీ పెట్టె దొరికిన చప్పుడైంది.

ఆమె వంటింటి కిటికీ దగ్గరకు వెళ్లి, బయటికి చాచి బట్టలు ఆరేసిన వెదురు గడను లోపలికి లాక్కోవడం మొదలుపెట్టింది. అప్పుడే ముందు గదిలో బూన్‌టెక్ ఫోను మోగింది. అతను గొంతు తగ్గించాడు. తగ్గించబట్టే ఆమె విన్నది.

“వద్దు, ఈ వారం వేయకండి... లేదు లేదు, నన్నెవరూ ఏమీ అనలేదు. ఇంకాస్త సరిచేసి పంపుతాను... శుక్రవారంతో గడువైపోతుందని నాకు తెలుసు. అయినా సరే.”

ఆమె చేతిలో గడ ఆగిపోయింది. పాత మార్కెట్‌ను పడగొట్టి చల్లని అద్దాల అంగడి కట్టే ప్రతిపాదన మీద అభ్యంతరాలు చెప్పడానికి గడువు శుక్రవారం. అది దాటాక వచ్చే వ్యాసంలో ఉల్లిపాయలు కట్టుకోవచ్చు. చేపలమ్మే ఆవిడ ముప్పై ఏళ్లుగా నిలబడిన గట్టు, ఆ అద్దె, ఆమె అడిగిన ప్రశ్న, అన్నీ ఆ వ్యాసంలో ఉన్నాయి. అన్నీ బీలెంగ్ చెప్పినవే.

ఆమె వెంటనే లోపలికి వెళ్లి అతణ్ణి నిలదీయలేదు. ఆ సంగతిని మడత పెట్టిన దుప్పటిలా తీసి పక్కన పెట్టుకుంది. అవసరం పడుతుందని ఆమె మనసుకు తోచింది. ఎవరి మీద వాడడానికో ఆలోచించడానికి మాత్రం ఇష్టపడలేదు.

పదింటికి ఆమె మెడలో పార్టీ కార్యకర్త బిళ్ల వేసుకుని చెప్పులు తొడుక్కుంది. ఆ ఆదివారం ఎంపీ క్వా ఇంటింటి పర్యటన వాళ్ల బ్లాకులోనే.

*

“అక్కా, ఇవాళ నీ ఇంటి గంట నువ్వే కొట్టుకోవాలి. లంచమిస్తే నేను కొడతా,” అంది నూర్లిజా, లిఫ్టు దగ్గర. సోమవారం బల్ల దగ్గర బీలెంగ్ పక్క కుర్చీ ఆమెది. తలగుడ్డ అంచును చెవి వెనక్కి దోపుకుంటూ మాట్లాడడం ఆమె అలవాటు.

“ఏం కావాలి లంచం?”

“మీ ఆయన పక్కన నిలబడి ఒక ఫోటో. రేపు పెద్దవాడయ్యాక మమ్మల్ని గుర్తుపడతాడో లేదో.”

“అప్పుడే తెలిసిపోయిందా?”

“తెలియకపోవడమేమిటక్కా, మార్కెట్‌లో చేపలకు కూడా తెలుసు.” నూర్లిజా నవ్వి, అంతలోనే నవ్వు ఆపేసింది. “నిజం చెప్పనా? నాకైతే ఆ కుర్చీ నీదేననిపించేది. మా అమ్మతో కూడా అన్నాను, మా అక్క ఒకరోజు ఎంపీ అవుతుంది చూడు అని.”

బీలెంగ్ లిఫ్టు మీట నొక్కింది. అది వెలిగినా మళ్లీ నొక్కింది.

పర్యటన ఎప్పుడూ పై అంతస్తులో మొదలై కిందికి దిగుతుంది. ఎక్కడం కంటే దిగడం తేలిక కాబట్టి. ఒక కార్యకర్త ముందు నడిచి గంట కొట్టి, ఇంటివాళ్లు ఇనుప జాలీ తలుపు తీసేలోగా, వెనక వస్తున్న ఎంపీ చెవిలో లోపల ఎవరున్నారో చెప్పాలి. ఆ పనిలో బీలెంగ్‌ను మించినవాళ్లు ఆ నియోజకవర్గంలో లేరు.

“మిసెస్ ఖూ. మోకాలి ఆపరేషన్ అయింది. కొడుకు సంగతి ఎత్తకండి.”

“మిసెస్ ఖూ! మోకాలు ఎలా ఉంది ఇప్పుడు?” అన్నాడు క్వా. నలభై దాటని మనిషి. చేతులు రెండూ చాచి పలకరించేవాడు.

“అయ్యో, నా మోకాలు కూడా గుర్తుందా మీకు!” అని మిసెస్ ఖూ పొంగిపోయి, ఆయన చేతిలో రెండు నారింజపళ్లు పెట్టింది.

పన్నెండో అంతస్తులో బనియనుతో నిలబడిన ఒక పెద్దాయన నారింజలు పెట్టలేదు. “మార్కెట్ పడగొట్టి ఏం తింటారయ్యా, అద్దాలు తింటారా?” అని అరిచాడు. “ఓటు కోసం వస్తారు, పోతారు. పొద్దున్నే నేనెక్కడికి పోవాలి కాఫీకి? మీ ఇంటికి రానా?”

“తప్పకుండా రండి అంకుల్,” అన్నాడు క్వా, ఏమాత్రం నొచ్చుకోకుండా. “మీరిలా తిడితేనే మాకు తెలుస్తుంది. చెప్పండి, ఇంకా ఏమిటి?”

పెద్దాయన ఇంకా చెప్పాడు. క్వా తల వంచి అంతా విన్నాడు. వినడంలో ఆయనకు లోపం లేదు. ఆ మాట బీలెంగ్ ఎవరితోనైనా ప్రమాణం చేసి చెప్పగలదు. విన్నది తరవాత ఏమవుతుందో కూడా ఆమెకు తెలుసు. పై కార్యాలయానికి వెళ్లే నివేదిక రాసేది ఆమే. ‘పెద్దాయన తిట్టాడు’ అని ఆమె ఎన్నడూ రాయలేదు. ‘నివాసులు కొన్ని సూచనలు చేశారు’ అని రాసేది. ఇన్ని సంవత్సరాలలో ఆ నియోజకవర్గం నుంచి ఒక్క తిట్టు కూడా పైకి వెళ్లలేదు. అందుకే పైవాళ్లకు తిట్లు వినాలనిపించినప్పుడు, పత్రికల్లో వెతుక్కోవలసి వచ్చింది. అక్కడ వాళ్లకు దొరికింది తన మొగుడు.

ఈ ఆలోచన రాగానే ఆమె తరవాతి ఇంటి గంట రెండుసార్లు కొట్టింది.

*

పదో అంతస్తు పూర్తయ్యాక, మెట్ల మలుపులో క్వా ఆగి, మిగతావాళ్లను ముందు దిగమని సైగ చేశాడు. మెట్ల పక్క గోడకు ఎవరో వదిలేసిన సైకిల్ చక్రం వేలాడుతోంది. కింద నూర్లిజా నవ్వు వినబడుతోంది.

“బీలెంగ్ గారూ, ఒక్క నిమిషం. మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నానేమో.”

“చెప్పండి సార్.”

“మీ వారి గురించి. వచ్చే వారం పెద్దలు కూర్చుంటున్నారు. అందరికీ నచ్చాడు. ఒక్క సందేహం మాత్రం మిగిలింది, అది ఎదురుగా కూర్చోబెట్టి అడిగేది కాదు. ఇంట్లో మనిషిగా మీకంటే బాగా ఎవరికి తెలుస్తుంది? మీరు వద్దంటే నేను ముందుకు తీసుకెళ్లను. ఈ మాట నేనిస్తున్నాను.”

బీలెంగ్ చేతిలోకి ఇంత అధికారం ఎన్నడూ రాలేదు. అది బరువుగా లేకపోగా, హాయిగా ఉండడం ఆమెకే వింతగా తోచింది.

“సార్, ఆయన రాసినవి మీకు నిజంగా నచ్చాయా?”

“నచ్చడమా! కొన్ని చదివి ఒళ్లు మండింది. అందుకే కావాలి. అందరూ తలూపే గదిలో కూర్చుంటే మనకేం తెలుస్తుంది?”

“ఆ గదిలో తల ఊపేది నేనే కదా సార్.”

క్వా హాయిగా నవ్వాడు. “భలేవారే. మీరు వేరు. మీరు మనవాళ్లు.”

ఆయన ఆ మాటను ప్రేమగానే అన్నాడు. పరాయివాడు నోరు తెరిస్తే అభిప్రాయం. మనవాళ్లు నోరు తెరిస్తే ఏమంటారో ఆ మాటలో ఎక్కడా లేదు. పొద్దున్న పక్కన పెట్టుకున్న మడతను బీలెంగ్ అప్పుడు విప్పింది.

“ఆయన గురించి మీరేదో పెద్దగా అనుకుంటున్నట్టున్నారు సార్,” అంది. “మార్కెట్ మీద ఒక వ్యాసం రాశాడు. శుక్రవారం లోపు రావలసింది. ఈ పొద్దున్నే వేయొద్దని పత్రికవాళ్లకు చెప్పేశాడు.”

“ఎందుకు?”

“ఎందుకో మీరే ఆలోచించండి. ఎవరూ అడగలేదు. ఎవరూ బెదిరించలేదు. ఒక్క టీతో గొంతు పోయింది. కాదనే మనిషి కావాలన్నారట కదా మీరు. ఆ మనిషి బుధవారం దాకా ఉన్నాడు. ఇప్పుడు మీకు దొరికేది ఇంకొకడు.”

చెప్పేసి ఆమె క్వా ముఖంలోకి చూసింది. అక్కడ నిరాశ కోసం, కనీసం ఒక ముడత కోసం చూసింది.

క్వా భుజాలు తేలికపడ్డాయి.

“ఎవరూ చెప్పకుండానే ఆపుకున్నాడంటారా?”

“ఎవరూ చెప్పకుండానే.”

“బీలెంగ్ గారూ,” అన్నాడు ఆయన, గొంతులో కృతజ్ఞత దాచుకోకుండా, “మాకున్న సందేహం ఇదొక్కటే. ఎక్కడ మాట్లాడాలో, ఎప్పుడు ఆగాలో తెలుసా అని. పెద్ద బరువు దించారు. మీలా నిజాయితీగా చెప్పేవాళ్లు ఎంతమంది ఉంటారు?”

ఆమె మెట్ల గోడకు వీపు ఆనించింది. సున్నం చల్లగా తగిలింది.

“ఇంకొక్క మాట,” అన్నాడు క్వా, ఒక మెట్టు దిగి. “ఇది ఖాయమయ్యాక సోమవారం బల్ల దగ్గర మీరు కూర్చోవడం బాగుండదు. అభ్యర్థి భార్య అర్జీలు రాస్తోందంటే జనం ఒకటికి రెండు అనుకుంటారు. మీ కుర్చీ నూర్లిజాకు ఇద్దాం, మీరు దగ్గరుండి నేర్పిన మనిషే కదా. మీరూ ఇన్నేళ్లు కష్టపడ్డారు. కాస్త విశ్రాంతి తీసుకోండి.”

“నా కుర్చీ,” అంది బీలెంగ్.

“అవును,” అన్నాడు క్వా, ఆమె ఒప్పుకున్నదనుకుని. “రండి, ఎదురుచూస్తుంటారు.”

తొమ్మిదో అంతస్తు వసారాలో అందరూ నిలబడి ఉన్నారు. మొదటి మూడు ఇళ్ల గంటలు బీలెంగ్ కొట్టింది. మూడు ఇళ్ల సంగతులూ ఎంపీ చెవిలో చెప్పింది. ఏం చెప్పిందో ఆమెకు తెలియదు. క్వా నవ్వుతున్నాడు కాబట్టి సరిగ్గానే చెప్పి ఉండాలి.

నాలుగో తలుపు దగ్గర ఆమె ఆగింది.

“కొట్టక్కా,” అంది నూర్లిజా గుసగుసగా. “లేకపోతే నేను కొట్టనా?”

“వద్దు. ఇది నాది.”

ఆమె గంట కొట్టకముందే లోపలి తలుపు తెరుచుకుంది. బూన్‌టెక్ నిలబడి ఉన్నాడు. చొక్కా తానే ఇస్త్రీ చేసుకున్నాడు. కాలరు ఒక పక్క ఇంకా ముడతగా ఉంది. అతని వెనక ముసలావిడ, గోడ మీద చెయ్యి ఆనించి. అతను ఇనుప జాలీ తీసి చెయ్యి చాచాడు, క్వా రెండు చేతులతో అందుకున్నాడు. ఇద్దరి ముఖాల మీదా ఒకే నవ్వు.

ఆ నవ్వును అంత దగ్గరగా, రెండు ముఖాల మీద ఒకేసారి చూసేసరికి, బీలెంగ్‌లో ఉదయం నుంచి మరుగుతున్నది ఒక్కసారిగా నిశ్చలమైంది.

“ఈ ఇంటి గురించి మీరు చెప్పనక్కర్లేదు లెండి,” అన్నాడు క్వా సరదాగా, ఆమె వైపు తిరిగి.

“చెప్పాలి సార్. పద్ధతి పద్ధతే,” అంది బీలెంగ్. చెవిలో చెప్పలేదు. వసారా చివరి దాకా వినబడేలా చెప్పింది.

“ఈ ఇంట్లో ఒక ఆడమనిషి ఉంటుంది. పద్నాలుగేళ్లుగా మీ పార్టీలో పనిచేస్తోంది. జనం తిట్లన్నీ సూచనలుగా మార్చి మీకు పంపింది, అది ఆమె తప్పు. ఇవాళ ఆమె ఒక్కటి కూడా మార్చదు. మార్కెట్ గురించి చెబుతుంది. మీ టీ గురించి చెబుతుంది. ఇప్పుడే, ఈ గుమ్మంలోనే, అందరి ముందూ చెబుతుంది.”

“బీలెంగ్!” అన్నాడు బూన్‌టెక్.

ఆమె అతని వైపు చూడలేదు. ఎంపీ కళ్లలోకే చూస్తూ అడిగింది:

“వింటారా సార్?”

క్వా చేతులు ఇంకా బూన్‌టెక్ చేతిని పట్టుకునే ఉన్నాయి. వదలలేదు. నవ్వు మాత్రం, ఎవరి ముఖం మీద ముందు ఆరిందో, పక్కనే నిలబడిన నూర్లిజా కూడా చెప్పలేకపోయింది.